మియాటాకి ఏ రిమ్ము, ఏ టైరు? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డల్లాస్ పక్కన ఉంటా, నా దగ్గర 1995 మజ్దా మియాటా ఉంది, టాపు తీసే రెండు సీట్ల చిన్న కారు, 1.8 ఇంజను, గేర్ల బండి. మజ్దా అంటే మా ఇంట్లోవాళ్ళకి స్వరాజ్ మజ్దా వ్యానే గుర్తు, అందుకని మా నాన్న ఇప్పటికీ దీన్ని వ్యాను కంపెనీ కారనే అంటాడు. ఈ మధ్య మనవాళ్ళలో ఈ కారు కొనేవాళ్ళు పెరిగారు, కొన్న రెండో వారానికల్లా ఫోన్ చేసి "అన్నా, వీల్స్ మార్చేద్దామనుకుంటున్నా, ఏ సైజు వెయ్యమంటావ్" అని అడుగుతారు. ఒక్కొక్కళ్ళకీ గంటసేపు చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఇక్కడ రాసి పడేస్తున్నా, ఇకనుంచి ఫోన్ చేస్తే ఇదే పంపిస్తా.

ఇది ఏ మోడల్ మియాటాకి?

ముఖ్యంగా మొదటి రెండు తరాలకి. 1990 నుంచి 1997 దాకా వచ్చినవి ఎన్‌ఏ, అంటే కప్పకళ్ళలా లైట్లు పైకి లేచేవి. 1999 నుంచి 2005 దాకా ఎన్‌బీ. ఈ రెండిటికీ బోల్టులు నాలుగు, వాటి వలయం 100 ఎమ్ఎమ్, దాన్నే 4×100 అంటారు. 2006 నుంచి 2015 దాకా వచ్చిన ఎన్‌సీకి ఐదు బోల్టులు, 5×114.3, కాబట్టి దాని వీల్స్ మన కారుకి ఎక్కవు, మనవి దానికి ఎక్కవు. 2016 నుంచి వస్తున్న ఎన్‌డీకి మళ్ళీ 4×100కే వచ్చారు, దాని సంగతి కింద చెప్తా.

కంపెనీ నుంచి వచ్చిన సైజు ఏంటి?

ఎన్‌ఏకి 14 అంగుళాల రిమ్ము, వెడల్పు 5.5 (1994 నుంచి అల్లాయ్ వాటికి 6), టైరు 185/60-14 (ఈ నంబర్ల అర్థం కింద చెప్తా). ఎన్‌బీలో కొన్నిటికి 14, కొన్నిటికి 15 అంగుళాల మీద 195/50-15, 2001 తర్వాత పై మోడల్స్‌కి 16 మీద 205/45-16, చివర్లో టర్బోతో వచ్చిన మజ్దాస్పీడ్‌కి 17 అంగుళాల మీద 205/40-17. అంటే కంపెనీ వాడే నాలుగు సైజులు వాడాడు, కాబట్టి ఏది వేసినా పాపమేమీ కాదు, కాకపోతే ఏది వేస్తే ఏం పోగొట్టుకుంటామో తెలిసి వెయ్యాలి, అంతే.

టైరు మీద ఆ నంబర్లకి అర్థం ఏంటి?

195/50-15 తీసుకోండి (టైరు మీద 15కి ముందు ఆర్ అని కూడా ఉంటది, రేడియల్ అని, నేను రాయట్లేదు). 195 అంటే టైరు వెడల్పు ఎమ్ఎమ్‌లో. 50 అంటే పక్క గోడ ఎత్తు, ఆ వెడల్పులో 50 శాతం, అంటే 97.5 ఎమ్ఎమ్. 15 అంటే రిమ్ము అంగుళాలు. మొత్తం టైరు ఎత్తు కావాలంటే 15ని 25.4తో హెచ్చవేసి దానికి రెండు పక్క గోడలు కలపండి, 381 + 195 = 576 ఎమ్ఎమ్. కంపెనీ 185/60-14కి ఇదే లెక్క వేస్తే 577.6 వస్తది. ఒకటిన్నర ఎమ్ఎమ్ తేడా, అంటే తేడా లేనట్టే. ఈ ఒక్క లెక్క వస్తే సగం ప్రశ్నలు మీకు మీరే జవాబు చెప్పుకోవచ్చు, నాకు ఫోన్ చెయ్యక్కర్లా.

సైజు పక్కన 82వీ అని ఉండేది బరువు, స్పీడు. 82 అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోస్తది, టన్ను చుట్టుపక్కల బరువుండే మన కారుకి అది చాలా ఎక్కువే. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్లు, వీ అంటే 240, డబ్ల్యూ అంటే 270. మన 128 గుర్రాల ఇంజనుకి హెచ్ చాలు, మిగతావి టైరు మంచిదైతే వాటంతట అవే వస్తాయి.

17 అంగుళాలు వేస్తే లుక్ అదిరిపోద్ది కదా?

అదిరేది లుక్ కాదు, నడుం. నేను కొన్నప్పుడు నా కారు మీద 17లే ఉన్నాయి, 205/40 టైర్లతో, ముందు ఓనరు వేసినవి. ఫొటోల్లో భలే ఉంది కారు, నేనూ దానికే పడ్డా. 40 శాతం అంటే పక్క గోడ 82 ఎమ్ఎమ్, కంపెనీ టైరుకి 111 ఎమ్ఎమ్. ఇక్కడ హైవేలన్నీ కాంక్రీటు పలకలు, పలకకీ పలకకీ మధ్య అతుకులు, ఆ అతుకు మీద పోయిన ప్రతిసారీ ఎవరో సీటు కింద సుత్తితో కొట్టినట్టుండేది. నాలుగో నెలలో ఒక గుంతలో దిగి ముందు ఎడమ రిమ్ము వంగింది, టైరుకి పక్కన గుడ్డంత ఉబ్బు వచ్చింది. అప్పుడు విప్పి తూకం వేస్తే టైరుతో కలిపి ఒక్కోటి 38 పౌన్లు ఉంది. ఇప్పుడున్న 15 సెట్టు 28 పౌన్లు. పది పౌన్లు అంటే నాలుగున్నర కిలోలు, అలాంటివి నాలుగు, అదీ స్ప్రింగుల మీద మోసే బరువు కాదు, స్ప్రింగులకి కింద వేలాడే బరువు, పైగా తిరిగే బరువు. సిమెంటు బూట్లు వేసుకుని పరిగెత్తినట్టు ఉండేది, నేనేమో ఇంజను వీక్ అయిందనుకుని స్పార్క్ ప్లగ్గులు మార్చా.

16 అంత దారుణం కాదు. 205/45-16 అంటే 591 ఎమ్ఎమ్ ఎత్తు, నడపడానికి బానే ఉంటది, ఎన్‌బీ కొనుక్కుని 16లు వాటంతట అవే వస్తే మార్చే తొందరేమీ లేదు, అరిగేదాకా వాడుకోండి.

మరి 14 ఉంచేసుకోవచ్చుగా?

నన్నడిగితే ఊళ్ళో తిరగడానికి 14 అంత హాయి ఇంకోటి లేదు, కంపెనీ ఇచ్చిన ఏడు పువ్వు రేకుల రిమ్ము తేలిక కూడా. సమస్యల్లా టైర్లే. 14 అంగుళాల్లో మంచి పట్టున్న టైర్లు చేసేవాళ్ళు దాదాపు మానేశారు, దొరికేవన్నీ పాత కొరోల్లాలకి వేసే ఆల్ సీజన్ టైర్లు. అవి వేసుకుంటే మూల తిరిగేటప్పుడు కారు ముందే కీచుమని ఏడుస్తది, ఆ ఏడుపు కూడా ఒక సరదానే అనుకోండి, 40 మైళ్ళ స్పీడులోనే రేసు తోలుతున్నట్టుంటది.

అందుకే అందరికీ ఒకటే చెప్తా, ముందు టైరు ఎంచుకోండి, తర్వాత రిమ్ము. మనవాళ్ళు ముందు రిమ్ము డిజైన్ చూసి కొనేసి తర్వాత దానికి టైరు వెతుకుతారు, పెళ్ళికి ముందు పట్టుచీర కొని తర్వాత పిల్లని వెతికినట్టు.

ఇదంతా కాదు, ఒక్క సైజు చెప్పు

15×7 రిమ్ము, ఆఫ్‌సెట్ 25 నుంచి 38 మధ్య ఏదైనా, 195/50-15 టైరు. కారుకి ఏమీ కొయ్యక్కర్లా, వంచక్కర్లా, ఎక్కడా రాసుకోదు, స్పీడోమీటరు కరెక్టుగా ఉంటది. ఇంకొంచెం పట్టు కావాలంటే అదే రిమ్ము మీద 205/50-15 వేసుకోండి. స్పెక్ మియాటా అని అమెరికాలో ఈ కార్లతోనే రేసులు జరుగుతాయి, వాళ్ళు వాడేది కూడా 15×7 రిమ్ము, 205/50-15 టైరే. రేసులకే సరిపోయింది కాస్ట్‌కో షాపుకి పోవడానికి సరిపోదా.

ఆఫ్‌సెట్ అంటే ఏంటి, ఎవరు చెప్పినా అర్థం కావట్లేదు

రిమ్ముని గుమ్మడికాయని కోసినట్టు వెడల్పులో సరిగ్గా మధ్యకి కోశారనుకోండి, అది మధ్యగీత. బోల్టులు బిగించే పలక ఆ మధ్యగీతకి ఎంత దూరంలో ఉందో అదే ఆఫ్‌సెట్. పలక బయటి వైపుకి (రోడ్డు మీదవాళ్ళకి కనిపించే వైపు) ఉంటే ప్లస్. ప్లస్ నంబరు పెరిగేకొద్దీ చక్రం కారు లోపలికి పోద్ది, తగ్గేకొద్దీ బయటికి వస్తది. ఇది తిరగేసి గుర్తుపెట్టుకుని తప్పు కొన్నవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు.

లెక్క చేసి చూద్దాం. ఎన్‌ఏ కంపెనీ రిమ్ము 14×5.5, ఆఫ్‌సెట్ 45. వెడల్పులో సగం 70 ఎమ్ఎమ్. బయటి అంచు పలక నుంచి 70 − 45 = 25, లోపలి అంచు 70 + 45 = 115. ఇప్పుడు 15×7, ఆఫ్‌సెట్ 35 తీసుకుంటే సగం 89, బయటికి 54, లోపలికి 124. అంటే పాత దానికంటే 29 ఎమ్ఎమ్ బయటికి వచ్చింది, 9 లోపలికి పోయింది. బయట చోటు బోలెడుంది కాబట్టి హాయిగా పడతది. అదే 15×8, ఆఫ్‌సెట్ 25 అయితే సగం 101.6, బయటికి 76.6, లోపలికి 126.6, అంటే 52 ఎమ్ఎమ్ బయటికి వచ్చేసింది, ఇక్కడనుంచి మడ్‌గార్డ్ అంచుతో జాగ్రత్త మొదలవుద్ది. 15×9 ఆఫ్‌సెట్ 36కి చూడండి, సగం 114.3, బయటికి 78, లోపలికి 150. బయటి అంచు ఆ 15×8కి దాదాపు సమానమే, పెరిగిన వెడల్పంతా లోపలికే పోయింది, అందుకే రేసు ట్రాక్ వాళ్ళు అంత వెడల్పు రిమ్ముకి ఆ 36 నంబరే అడిగి కొంటారు.

ఏ రిమ్ము చూసినా కొనేముందు ఈ రెండు అంచుల లెక్క ఒక కాయితం మీద వేసుకోండి. దుకాణంవాడు "పడతదండీ" అంటే నమ్మొద్దు, పడటం వేరు, స్టీరింగ్ మొత్తం తిప్పి గుంతలో దిగినప్పుడు రాసుకోకపోవడం వేరు.

15×8 మీద, 15×9 మీద 225 వేసుకుంటే?

225/45-15 అంటే మన కారుకి ట్రాక్‌లో బాగా నడిచే సైజు, ఎత్తు 583.5, కొలత కూడా దగ్గరే. కానీ ముందు మీరేం చేస్తారో చెప్పండి. నెలకోసారి ట్రాక్‌కి పోతారా, వేసుకోండి. ఆఫీసుకి, గుడికి, శనివారం పొద్దున్నే కాఫీకి అయితే ఆ టైర్ల పట్టులో పదో వంతు కూడా మీరు వాడరు, ఉత్త బరువు, గీతలున్న రోడ్డు మీద స్టీరింగ్ అటూ ఇటూ లాగడం, వానలో నీళ్ళ మీద తేలడం మాత్రం రోజూ ఉంటాయి. ఈ కారు చేసినవాళ్ళు చెప్పే మాట జింబా ఇట్టాయ్, జపాన్‌లో గుర్రం, రౌతు ఒకటైపోవడం అని అర్థం. పట్టు మరీ ఎక్కువైతే గుర్రం మాట్లాడటం మానేస్తది, జారేముందు చెప్పదు.

ఆటోక్రాస్ (ఖాళీ చోట కోన్లు పెట్టి వాటి మధ్య టైము చూసి నడిపే పోటీ) చేసేవాళ్ళు ఇంకోటి చూసుకోండి, ఎస్‌సీసీఏ (అమెరికాలో కార్ల పోటీల క్లబ్బు) స్ట్రీట్ క్లాసులో రిమ్ము వెడల్పు కంపెనీ ఇచ్చినంతే ఉండాలి. 15×7 వేసినా, 15×8 వేసినా క్లాసు మారిపోద్ది, మీకంటే బాగా ముదిరిన కార్లతో పోటీ పడాలి.

ఏ వెడల్పు టైరు ఏ రిమ్ము మీద కూర్చుంటది?

195/50-15కి 5.5 నుంచి 7 అంగుళాలు, 205/50-15కి 5.5 నుంచి 7.5, 225/45-15కి 7 నుంచి 8.5. ట్రాక్ వాళ్ళు 225ని 9 అంగుళాల మీద లాగి వేస్తారు, అది వాళ్ళిష్టం. రిమ్ము అర అంగుళం పెరిగితే టైరు దాదాపు 5 ఎమ్ఎమ్ వెడల్పవుద్ది, కాబట్టి 195 అని రాసున్నంత మాత్రాన అన్ని రిమ్ముల మీదా 195 ఉండదు. సన్న టైరుని వెడల్పు రిమ్ము మీద సాగదీసి వేసే ఫ్యాషన్ ఒకటుంది, దాని గురించి నాకు మాట్లాడే ఓపిక లేదు.

మధ్య కన్నం పెద్దగా ఉంది, పర్లేదా?

మన హబ్బు (కారు వైపు చక్రం బిగించే మధ్య భాగం) 54.1 ఎమ్ఎమ్. బయట అమ్మే వీల్స్ అన్ని కార్లకీ పడాలని కన్నం పెద్దగా చేస్తారు, ఉదాహరణకి ఎన్కే ఆర్‌పీఎఫ్1కి 73 ఉంటది. ఆ సందు నింపడానికి 73 నుంచి 54.1 రింగులు దొరుకుతాయి, ప్లాస్టిక్కువో అల్యూమినియంవో, కొన్ని డాలర్లే. అవి లేకపోయినా నట్లు సరిగా బిగిస్తే చక్రం మధ్యలోనే కూర్చుంటది, కానీ కొంచెం అటూ ఇటూ కూర్చుందంటే 65 మైళ్ళ దగ్గర స్టీరింగ్ వణుకుద్ది, మీరు బ్యాలెన్సింగ్ షాపు చుట్టూ తిరుగుతారు. రింగులు వేసేయండి, గోల వదిలిపోద్ది.

స్పీడోమీటరు తప్పు చూపిస్తుందా?

టైరు ఎత్తు పెరిగితే తక్కువ చూపిస్తది. 205/50-15 వేస్తే ఎత్తు 586, మీటరు 60 చూపిస్తుంటే నిజంగా 61కి కొంచెం తక్కువ పోతున్నారు, ఏమీ కాదు. 195/55-15 వేశారనుకోండి (చవగ్గా దొరుకుతాయని చాలామంది వేస్తారు), ఎత్తు 595.5, మూడు శాతం ఎక్కువ, 60 అంటే 62 అన్నమాట. అసలు నష్టం స్పీడోమీటరు కాదు, గేరింగు. 4.10 డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి శక్తి పంచే గేరు పెట్టె) 3.98 అయినట్టు లెక్క, ఉన్న కాస్త ఊపు కూడా తగ్గుద్ది. నేను రెండు శాతం దాకా పట్టించుకోను, మూడు దాటితే వేరే సైజు చూడమంటా.

ఎన్‌డీ కొత్త వీల్స్ చవగ్గా వస్తున్నాయి, నా ఎన్‌ఏకి పడతాయా?

బోల్టులు పడతాయి, మధ్య కన్నం కూడా అదే 54.1, రింగులు కూడా అక్కర్లా. 16×6.5, 17×7 రెండు రకాలు, ఆఫ్‌సెట్ 45. 16లు అయితే తీసుకోవచ్చు, కానీ వాటితో వచ్చే 195/50-16 టైరు ఎత్తు 601, మన కారుకి నాలుగు శాతం ఎక్కువ. ఆ టైర్లు అమ్మేసి 205/45-16 వేసుకోండి, లేదా దొరికితే 215/40-16, అది 578, అచ్చం కంపెనీ ఎత్తే.

ముందు సన్నవి, వెనక వెడల్పువి వేస్తే?

వద్దు. పెద్ద ఇంజనుండి వెనక చక్రాలు ఊరికే తిరిగిపోయే కార్ల సంగతి అది. మన కారు బరువు ముందూ వెనకా దాదాపు సమానం, వెనక మాత్రమే వెడల్పు పెంచితే ముందు వైపు తిరగనని మొండికేస్తది, టైర్లు ముందుకీ వెనక్కీ మార్చుకునే వీలు కూడా పోద్ది.

బ్రేకులకి అడ్డం రాదా?

మామూలు బ్రేకులకి 14 పడతది. 2001 తర్వాత కొన్ని ఎన్‌బీలకి వచ్చిన స్పోర్ట్ బ్రేకులు పెద్దవి, ముందు డిస్కు 270 ఎమ్ఎమ్, వాటికి కనీసం 15 కావాలి. 15లో కూడా కొన్ని రిమ్ముల చువ్వలు కాలిపర్‌కి (డిస్కు మీద బ్రేకు ప్యాడ్లు నొక్కే భాగం) తగులుతాయి, ఒక్క చక్రం పెట్టి చేత్తో తిప్పి చూశాకే మిగతా మూడిటికి టైర్లు వేయించండి, టైరు వేశాక రిమ్ము వెనక్కి తీసుకోరు.

కారు కిందికి దించా, ఇప్పుడు వెనక రాసుకుంటోంది

వెనక మడ్‌గార్డ్ లోపల అంచు ఒకటి లోపలికి మడిచి ఉంటది, దానికే తగులుద్ది. ఆ అంచుని పైకి మడిచే పనిముట్టు అద్దెకి దొరుకుద్ది, హబ్బుకి బిగించి హీట్ గన్‌తో పెయింటు వేడి చేస్తూ కొంచెం కొంచెంగా తిప్పాలి, తొందరపడితే పెయింటు పెచ్చులూడుద్ది, ముప్పై ఏళ్ళ పెయింటు కదా. దానికి ముందు అలైన్‌మెంట్ చేయించి వెనక చక్రం పైభాగం కొంచెం లోపలికి వాల్చండి, చాలాసార్లు దాంతోనే సరిపోద్ది.

స్పేసర్లు?

చక్రాన్ని బయటికి నెట్టడానికి రిమ్ముకీ హబ్బుకీ మధ్య పెట్టే బిళ్ళలివి. సరైన ఆఫ్‌సెట్ కొంటే వాటి పనే లేదు. 5 ఎమ్ఎమ్ వేసినా నట్టుకి పట్టే మరలు తగ్గిపోతాయి, పొడవాటి స్టడ్లు (నట్లు ఎక్కే బోల్టులు) వెయ్యాలి, ఆ ఖర్చు రిమ్ముల మీద పెట్టండి.

ఏ రకం టైరు కొనాలి?

మంచు పడని చోట ఉంటే సమ్మర్ టైరు. మా డల్లాస్‌లో ఏడాదిలో పదినెలలు అదే. కానీ 7 డిగ్రీలు, అంటే 45 ఫారెన్‌హీట్ కిందికి పోతే ఆ రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తది, జనవరి పొద్దున్న ఫ్రీవే ర్యాంపు మీద నా కారు వెనక భాగం నన్ను పలకరించి పోయింది ఒకసారి. షికాగో, న్యూజెర్సీ వాళ్ళు ఆ పాత 14 రిమ్ములు పారెయ్యకుండా వాటికి 185/60-14 మంచు టైర్లు వేసుకోండి, సన్న టైరే మంచులోకి బాగా దిగుద్ది.

ట్రెడ్‌వేర్ (ఎంత నెమ్మదిగా అరుగుద్దో చెప్పే నంబరు) 200 అని రాసున్న టైర్లు, బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్‌ఎస్ లాంటివి, ఆటోక్రాస్‌కి మహా బాగుంటాయి, త్వరగా అరిగిపోతాయి, రోజూ ఆఫీసుకి వాడితే గుండైపోయేదాకా డబ్బు కరుగుతున్న చప్పుడు వినపడుద్ది. రోజువారీకి 300 పైన ఉన్నవి చూడండి.

పాత టైర్లు వేసున్న సెట్టు కొంటుంటే పక్కన డాట్ అని మొదలయ్యే నంబరు చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. మియాటాలు ఎక్కువ గ్యారేజీల్లోనే నిలబడి ఉంటాయి కాబట్టి గాట్లు నిండుగా ఉండి రబ్బరు మాత్రం రాయైపోయిన టైర్లు మన కార్లకే ఎక్కువ.

గాలి ఎంత?

ఎన్‌ఏ డోరు దగ్గర స్టిక్కరు మీద 26 పీఎస్ఐ అని ఉంటది, అది తప్పు ప్రింటు కాదు. తేలిక కారు, అంతే చాలు. టైరు షాపులో కుర్రాళ్ళు అలవాటుగా 35 కొట్టేస్తారు, ఇంటికొచ్చేదాకా కారు బంతిలా ఎగురుద్ది, మీరేమో కొత్త టైర్లు బాలేవనుకుంటారు. 195/50-15కి నేను చల్లగా ఉన్నప్పుడు 28 పెడతా. వాతావరణం 10 ఫారెన్‌హీట్ మారితే ఒక పీఎస్ఐ మారుద్ది, చలికాలం మొదట్లో ఒకసారి చూసుకోండి.

నట్లు ఎలా బిగించాలి?

12×1.5 మర, 60 డిగ్రీల కోను. 65 నుంచి 87 ఫుట్ పౌండ్ల మధ్య, నేను 80 పెడతా, చేత్తో, టార్క్ రెంచితో. ఒకచోట టైర్లు వేయిస్తే గన్నుతో కొట్టి బిగించారు, ఆర్నెల్ల తర్వాత నేను విప్పబోతే స్టడ్డు నట్టుతో సహా చేతిలోకి వచ్చింది. అప్పటినుంచి చక్రాలు ఇంట్లోనే విప్పి, ఉత్త చక్రాలు షాపుకి పట్టుకెళ్తున్నా.

ఇండియాలో ఉన్న నా స్విఫ్ట్‌కి ఇవే సైజులు పనికొస్తాయా?

మియాటాని అక్కడ కంపెనీ అమ్మలేదు. లెక్క అదే, సైజులు కాదు. స్విఫ్ట్‌కి వచ్చే 185/65-15 ఎత్తు 621.5, మా 195/50 వేస్తే కారు నాలుగున్నర సెంటీమీటర్లు పొట్టి టైర్ల మీద కూర్చుని మొదటి స్పీడు బ్రేకరు మీదే కడుపు రాసుకుంటది.

స్టెప్నీ సంగతేంటి?

ఎన్‌ఏ డిక్కీలో ఉండేది సన్న 115/70-14, ఎత్తు 517 ఎమ్ఎమ్, గంటకి 50 మైళ్ళ స్పీడు దాటకూడదు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాల స్పీడు మరీ తేడా రాకుండా ఆపేది) ఉంటే వెనక వెయ్యొద్దు, ముందు చక్రం విప్పి వెనక వేసి, స్టెప్నీ ముందు పెట్టాలి. ఒకసారి టెక్సస్ హిల్ కంట్రీలో 337 రాంచ్ రోడ్డు మీద వెనక టైరులో మేకు దిగింది, చెప్పినట్టే అంతా మార్చా, తీరా చూస్తే విప్పిన చక్రం పెట్టడానికి డిక్కీలో చోటు లేదు, రెండు రోజుల లగేజీ ఉంది, కారుకేమో రెండే సీట్లు. తర్వాతి ఊరు దాకా మా ఆవిడ ఒళ్ళో దుప్పటి పరుచుకుని దాని మీద చక్రం పెట్టుకుని కూర్చుంది. 17 అయితే ఒళ్ళో పట్టేది కాదని నేనంటే ఇంకో పది మైళ్ళ దాకా మాట్లాడలేదు.